ఆకాశంలో దొరికిన ఆర్యభట్ట ఏమయ్యాడు?

2005 ఏప్రిల్ 20. హైదరాబాద్‌లో ఈసీఐఎల్ దగ్గరున్న టాటా ఇన్‌స్టిట్యూట్ బెలూన్ కేంద్రం. ఆరోజు అక్కడి నుంచి ఒక బెలూన్ లేచింది. పూర్తిగా విచ్చుకుంటే 2 కోట్ల 67 లక్షల ఘనపుటడుగుల వాయువు పట్టే పల్చటి సంచి అది. దాని కింద వేలాడిన సామగ్రి బరువు 459 కిలోలు. అందులో 38 కిలోల ద్రవ నియాన్, ఆ చల్లదనంలో నానుతూ 16 స్టీలు గొట్టాలు. గొట్టాల్లో ఏమీ లేదు. సూక్ష్మజీవి ఆనవాలు మిగలకుండా శుద్ధి చేసి, లోపలి గాలి కూడా తోడేశారు. ఆ ఖాళీనే పైకి పంపారు.

బెలూన్ విమానాలు తిరిగే ఎత్తు దాటింది. 20 కిలోమీటర్ల నుంచి 41 కిలోమీటర్ల మధ్య వేర్వేరు ఎత్తుల్లో గొట్టాల మూతలు తెరుచుకున్నాయి. చుట్టూ ఉన్న కాస్త గాలీ లోపలికి దూరి, నియాన్ చలికి గోడలకు గడ్డకట్టుకుంది. మూతలు పడ్డాయి. సామగ్రి ప్యారాచూట్‌తో నేలకు దిగింది. అక్కడి నుంచి గొట్టాలు రెండు చోట్లకు వెళ్లాయి. ఒకటి మన హబ్సిగూడలోని సీసీఎంబీ పరిశోధన సంస్థ, రెండోది పుణెలోని జీవకణ విజ్ఞాన కేంద్రం.

అంత ఎత్తున ప్రాణి బతకడానికి కారణమేదీ కనపడదు. ఒళ్లు గడ్డకట్టే చలి. నీటి చుక్క ఉండదు. ఓజోన్ పొర అడ్డుకోని అతినీలలోహిత కిరణాలు నేరుగా కొడతాయి. అయినా ల్యాబ్‌లో అగార్ (సూక్ష్మజీవులను పెంచే జెల్లీ) పళ్లేల మీద చుక్కలు మొలిచాయి. 12 బ్యాక్టీరియావి, 6 శిలీంధ్రాలవి. వాటిలో తొమ్మిది అప్పటికే తెలిసిన జాతులతో 98 శాతానికి పైగా కలిశాయి. మూడు బ్యాక్టీరియాలు మాత్రం దేనితోనూ సరిపోలేదు.

నాలుగేళ్ల తర్వాత, 2009 మార్చిలో, ఈ ప్రయోగాన్ని నడిపిన ఇస్రో ఆ మూడింటినీ ప్రపంచానికి చూపించింది. జీవ బీజాలు అంతరిక్షం నుంచే రాలాయని వాదించిన ఖగోళ శాస్త్రవేత్త ఫ్రెడ్ హాయిల్ పేరిట ఒకటి: జానిబాక్టర్ హాయిలీ. ఇస్రో పేరిట ఇంకొకటి: బాసిల్లస్ ఇస్రోనెన్సిస్. మూడోదానికి మన ఆర్యభట్ట పేరు: బాసిల్లస్ ఆర్యభట్టై. ప్రయోగానికి సారథి ఖగోళ శాస్త్రవేత్త జయంత్ నార్లీకర్, బ్యాక్టీరియాల పని చూసిన ముఖ్యుల్లో సీసీఎంబీకి చెందిన ఎస్. శివాజీ ఒకరు. పత్రికలు సంబరంగా రాశాయి.

ఈరోజు ఆ మూడింట్లో ఒక్కటే పెట్టిన పేరుతో ఉంది.

వార్తయ్యేది బారసాలే

కొత్త బ్యాక్టీరియా వార్తలు ఈమధ్య తరచూ ఫోన్లలో తిరుగుతున్నాయి. చైనా అంతరిక్ష కేంద్రం తియాన్‌గాంగ్‌లో 2023లో వ్యోమగాములు తుడిచి తెచ్చిన నమూనాలో ఇదివరకు ఎరగని జాతి ఉందని, దానికి నియాలియా తియాన్‌గాంగెన్సిస్ అని పేరు పెట్టారని 2025లో చదివాం. అంతకు ముందు 2021లో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో దొరికిన మిథైలోబాక్టీరియం అజ్మలీ వంతు. ఆ పనిలో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ శాస్త్రవేత్తల చేయి కూడా ఉంది. అదే అంతరిక్ష కేంద్రంలోని గాలి వడపోత సాధనంలో దొరికిన మరో జాతికి 2017లో అబ్దుల్ కలాం పేరు పెట్టారు: సొలిబాసిల్లస్ కలామీ.

పేరు గొప్పవారిది అయితే వార్త పెద్దదవుతుంది. ఆ జీవి ఏం తింటుంది, దాని చుట్టాలెవరు, కొత్తదని ఎలా తేల్చారు అన్నవి చివరి పేరాలో కూడా ఉండవు. బారసాలకు అందరం వెళతాం. ఆ తర్వాత బిడ్డ ఏమైందో పట్టించుకోం. అసలు కథ అక్కడే ఉంది.

చెంచాడు మట్టిలో జనాభా

ఒక గ్రాము సారవంతమైన మట్టిలో కోట్ల కొద్దీ బ్యాక్టీరియా ఉంటాయి. మైక్రోస్కోపు కింద పెడితే కిటకిటలాడుతూ కనిపిస్తాయి. అదే మట్టిని నీళ్లలో కలిపి, పలుచన చేసి, అగార్ మీద పూస్తే నూటికి ఒకటైనా మొలవడం కష్టం. ఈ తేడాకు 1985లో స్టేలీ, కొనోప్కా అనే ఇద్దరు శాస్త్రవేత్తలు పేరుపెట్టి మరీ చర్చకు తెచ్చారు. మనం వండిపెట్టిన తిండి వాటికి నచ్చక కొన్ని, పక్కవాటి సాయం లేక కొన్ని, తొందరేమీ లేక కొన్ని మొలవవు. వారాలు, నెలలు తీసుకునేవి ఉన్నాయి.

మొలిచినవాటితో కూడా పని సులువు కాదు. పళ్లెం మీద ఒక చుక్కను తీగ కొనతో తాకి, వేరే పళ్లెం మీద గీతలు గీస్తూ పోవాలి. చివరి గీతల్లో విడివిడిగా మొలిచిన వాటిలో ఒకదాన్ని తీసుకుని మళ్లీ గీయాలి. ఒకే కణం సంతానం అని నమ్మకం కుదిరేదాకా ఇదే. ఆ తర్వాత ప్రశ్నల వాన. ఎంత వేడిలో పెరుగుతుంది? ఎంత ఉప్పు తట్టుకుంటుంది? ఏ చక్కెర తింటుంది? కణం గోడలో ఏముంది? కొవ్వు ఆమ్లాలు ఏవి? ఇవన్నీ దాని దగ్గరి చుట్టాలతో పక్కపక్కన పెట్టి, ఒకే పరిస్థితుల్లో చేయాలి. చుట్టం కల్చర్ (ల్యాబ్‌లో పెంచి ఉంచిన సజీవ నమూనా) జర్మనీలోనో జపాన్‌లోనో ఉంటే తెప్పించుకోవాలి. పీహెచ్‌డీ విద్యార్థి రెండు మూడేళ్ల కాలం ఇక్కడే కరిగిపోతుంది. సగం దారిలో, అదే జాతిని ఇంకో దేశంలో ఎవరో ముందే ప్రచురించారని తెలియడం ఈ రంగంలో కొత్త సంగతేం కాదు.

వెలుతురుతో బతికే ఊదారంగు బ్యాక్టీరియాలదైతే ఇంకో తంతు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో సీహెచ్. వెంకట రమణ, జేఎన్‌టీయూలో సీహెచ్. శశికళ బృందాలు ఏళ్ల తరబడి వీటి వెంటపడ్డాయి. గాలి తగలకుండా అంచుదాకా నింపి మూత బిగించిన గాజు సీసాలను బల్బు వెలుతురు ముందు వరసగా పెడతారు. రోజులు గడిచేకొద్దీ సీసా సీసాకూ ఒక రంగు: గులాబీ, ఊదా, గోధుమ. వీటిలో గంధకం వాడుకునే జాతులుంటే గదిలో కుళ్లిన గుడ్ల వాసన. ఆ వాసనకు కారణమైన హైడ్రోజన్ సల్ఫైడే రొయ్యల చెరువు అడుగున చేరి రైతును ముంచేది. ఈ బ్యాక్టీరియాల్లో కొన్నిటికి అదే ఆహారం. ఆక్వా దుకాణాల్లో 'పీఎస్' అంటూ అమ్మే ఎర్రటి ద్రవం వెనకున్నది ఈ వంశమే.

> మన ఊళ్ల పేర్లు
>
> భీమిలి: సముద్రపు నీటి సాగు చెరువులో దొరికిన మారిక్రొమాటియం భీమ్లికమ్ (2007). థయోరోడోకాకస్ భీమ్లికస్ కూడా అదే ఏడాది.
>
> కాకినాడ: థయోరోడోకాకస్ కాకినాడెన్సిస్ (2007). ఇదీ సాగు చెరువుదే.
>
> విశాఖ: ఆటుపోట్ల నీటిలో దొరికిన రోడోవులమ్ విశాఖపట్నమెన్సె (2007).
>
> హబ్సిగూడ: ఊరి పేరు కాదు గానీ, సీసీఎంబీ అక్షరాల నుంచి పుట్టిన ఇంటిపేరు 'సెసెంబియా'. మహారాష్ట్రలో ఉల్క పడి ఏర్పడిన లోణార్ సరస్సులోని బ్యాక్టీరియాకు 2012లో పెట్టారు.

ఇంటిపేరు ముందు, అసలు పేరు తర్వాత

తెలుగువాళ్లకు బ్యాక్టీరియా పేర్లు అర్థం కావడం తేలికే. మనలాగే వాటికీ ఇంటిపేరు ముందుంటుంది. బాసిల్లస్ అనేది ఇంటిపేరు, ఆర్యభట్టై అనేది సొంత పేరు. చిక్కల్లా ఒక్కటే. మనింట్లో పుట్టినవాడికి మన ఇంటిపేరు ఖాయం. బ్యాక్టీరియా ఎవరింట్లో పుట్టిందో దాన్ని చూస్తే తెలియదు. కడ్డీలా ఉన్నవన్నీ ఒకటి కావు, గుండ్రంగా ఉన్నవన్నీ అన్నదమ్ములు కావు.

1977లో అమెరికన్ శాస్త్రవేత్త కార్ల్ వోజ్ ఈ వంశవృక్షం పట్టుకునే దారి చూపాడు. ప్రోటీన్లు తయారుచేసే రైబోజోమ్ ప్రతి జీవిలోనూ ఉంటుంది. దానిలోని ఒక ముక్కకు చెందిన జన్యువు, సుమారు 1,500 అక్షరాల పొడవు, కోట్ల ఏళ్లుగా చాలా నెమ్మదిగా మారుతూ వచ్చింది. రెండు బ్యాక్టీరియాలలో ఆ అక్షరాలను పక్కపక్కన పెడితే చుట్టరికం ఎంత దూరమో తెలుస్తుంది. మొదట్లో 97 శాతం కన్నా తక్కువ కలిస్తే వేరే జాతి అన్నారు. తర్వాత ఆ గీతను 98.7 దగ్గరికి జరిపారు. ఇప్పుడు మొత్తం జన్యుపటాన్నే చదివి పోలుస్తున్నారు. సగటున 95, 96 శాతం కన్నా ఎక్కువ కలిస్తే ఒకే జాతి.

ఈ శాతాలేవీ ప్రకృతి గీసిన గీతలు కావు. శాస్త్రవేత్తలు కూర్చుని ఒప్పుకున్న సరిహద్దులు. బ్యాక్టీరియాలు జన్యువులను ఇరుగుపొరుగుకు ఇచ్చిపుచ్చుకుంటాయి కాబట్టి సరిహద్దు దగ్గర తగాదాలు తప్పవు. ఏనుగు ఒక జాతి, పులి ఒక జాతి అన్నంత తేలిక కాదిది.

పాత ఇంటి మనిషే

ఇప్పుడు మన ముగ్గురి సంగతి.

జానిబాక్టర్ హాయిలీ పెట్టిన పేరుతోనే ఉంది. ఇస్రోనెన్సిస్ ఇల్లు మారింది. దాని జన్యువులు, కణం గోడ పరిశీలించాక అది బాసిల్లస్ ఇంట్లోది కాదనీ సొలిబాసిల్లస్ ఇంట్లోదనీ 2016లో తేల్చారు. అలా అది అబ్దుల్ కలాం పేరున్న బ్యాక్టీరియాకు దగ్గరి బంధువైంది. ఇస్రో, కలాం ఒకే ఇంట్లో చేరడం ఎవరూ ప్లాన్ చేసింది కాదు.

ఆర్యభట్టైది మాత్రం వేరే కథ. 2019లో ఒక పరిశోధక బృందం దాని పూర్తి జన్యుపటాన్ని బాసిల్లస్ మెగాటీరియం జన్యుపటంతో పోల్చింది. రెండూ ఒకటే. మెగాటీరియం 1884లో జర్మన్ శాస్త్రవేత్త ఆంటన్ డి బారీ వర్ణించిన జాతి. పొలాల్లో, తోటల్లో, ఎక్కడ తవ్వినా దొరికే మట్టి బ్యాక్టీరియా. రెండు పేర్లు ఒకే జాతికి పడితే ముందు పెట్టిందే చెల్లుతుంది. ఆర్యభట్టై అలా జాబితాలో పర్యాయపదంగా మిగిలింది. ఆ మరుసటి ఏడాదే మెగాటీరియం ఇంటిపేరు కూడా మార్చి ప్రీస్టియా అన్నారు.

2009 నాటి బృందాన్ని తప్పుపట్టడానికి లేదు. అప్పుడు చేతిలో ఉన్న పరీక్షలతో అప్పటి నియమాల ప్రకారం చేశారు. కల్చర్‌ను చండీగఢ్‌లోనూ జపాన్‌లోనూ ఉన్న సూక్ష్మజీవుల బ్యాంకుల్లో దాచారు. పదేళ్ల తర్వాత ఇంకొకరు తీసి మళ్లీ చదవగలిగారంటే అందుకే. పేరు కొట్టేయించుకోగలిగినంత నిజాయతీగా పనిచేశారని నా లెక్క. మన మీడియా గురించే చెప్పుకోవాలి. పేరు పెట్టినప్పుడు చేసిన హడావిడిలో పదో వంతు కూడా కొట్టేసినప్పుడు చేయలేదు.

ఇందులో ఇంకో చిన్న మెలిక. అంత ఎత్తున దొరికింది మన కాళ్ల కింది మట్టిలోనిదే అయితే, అది ఆకాశం నుంచి నేలకు రాలిందనే కన్నా నేల నుంచి ధూళితో పైకి లేచిందనుకోవడమే సబబు. గ్రహాంతర మూలం రుజువైందని ఇస్రో కూడా అప్పుడు అనలేదు.

బ్రెజిల్ రైతుకు మాత్రం ఈ తగాదా పట్టదు. అక్కడి వ్యవసాయ పరిశోధన సంస్థ ఎంబ్రాపా, మందకరు అనే బ్రహ్మజెముడు జాతి మొక్క వేళ్ల దగ్గర ఇదే బ్యాక్టీరియాను పట్టి, మొక్కజొన్న బెట్టను తట్టుకునేందుకు జీవ ఎరువుగా 2021లో విడుదల చేయించింది. సీసా మీద మన ఆర్యభట్ట పేరు.

మట్టి పొట్లంలోంచి మాత్ర

ఇంత తలనొప్పి ఎందుకు, పేరు ఏదైతేనేం అనిపించొచ్చు. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు దగ్గరికి వెళదాం. 1940లలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలల్లో పరిశోధనకు ఆయన సారథి. పెన్సిలిన్ లొంగదీయలేని జబ్బులకు మందు కోసం ఎక్కడెక్కడి మట్టినో తెప్పించి జల్లెడ పట్టించారు. ఆ పని చేసిన బెంజమిన్ డగ్గర్ వయసు అప్పటికి డెబ్బై దాటింది. యూనివర్సిటీ నుంచి విరమించి వచ్చిన వృక్షశాస్త్రవేత్త. మిస్సోరీ యూనివర్సిటీ శాన్‌బార్న్ క్షేత్రంలో దశాబ్దాలుగా గడ్డి పెంచుతున్న ఒక మడి నుంచి వచ్చిన పొట్లంలో బంగారు రంగు వర్ణకం చేసే బ్యాక్టీరియా దొరికింది: స్ట్రెప్టోమైసిస్ ఆరియోఫేసియన్స్. దాన్నుంచి తీసిందే ఆరియోమైసిన్. టెట్రాసైక్లిన్ మందుల కుటుంబానికి అదే పెద్ద. 1948లో అది లోకానికి తెలిసింది. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు కన్నుమూశారు.

పోల్చి చూసే జాబితా సరిగా లేకపోతే దొరికింది కొత్తదో పాతదో తెలియదు. ఉన్న మందునే మళ్లీ మళ్లీ కనిపెడుతూ కూర్చోవాలి. 1960ల తర్వాత మందుల కంపెనీలు మట్టిని వదిలేయడానికి ఒక కారణం ఇదే.

ఇంకో ఉదాహరణ, కోవిడ్ పరీక్షకు మనందరి ముక్కులో పుల్ల పెట్టించినది. 1966లో అమెరికాలోని ఎల్లోస్టోన్ వేడినీటి బుగ్గల్లో థామస్ బ్రాక్, ఆయన దగ్గర డిగ్రీ చదువుతున్న హడ్సన్ ఫ్రీజ్ ఒక బ్యాక్టీరియాను పట్టారు. 1969లో థర్మస్ అక్వాటికస్ అని పేరు పెట్టి ప్రచురించారు. కల్చర్‌ను బ్యాంకులో జమ చేశారు. 1980లలో సీటస్ అనే కంపెనీ దాన్ని అక్కడి నుంచి 35 డాలర్లకు కొనుక్కుంది. అందులోని వేడికి చెడని ఎంజైమే పీసీఆర్ పరీక్షను నడిపింది. ఆ పీసీఆర్ హక్కులు తర్వాత 30 కోట్ల డాలర్లకు అమ్ముడుపోయాయి. ఎల్లోస్టోన్ పార్కుకు అందులో ఒక్క డాలరూ రాలేదు.

> కంటికి కనిపించే బ్యాక్టీరియా
>
> కరీబియన్ దీవి గ్వాడెలూప్‌లో మడచెట్ల ఆకులు కుళ్లిన నీటిలో ఒలివియర్ గ్రోస్ అనే శాస్త్రవేత్తకు 2009లో తెల్లటి దారపు పోగులు కనిపించాయి. ఏదో శిలీంధ్రం అనుకున్నారు. అది ఒకే కణం ఉన్న బ్యాక్టీరియా అని రుజువు చేసి ప్రచురించేసరికి 2022 వచ్చింది. పేరు థయోమార్గరిటా మాగ్నిఫికా. రెండు సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది.

దాచేదెవరు?

ఎల్లోస్టోన్ లాంటి కథల వల్లే దేశాలు తమ జీవసంపదకు కంచె వేసుకున్నాయి. మన జీవ వైవిధ్య చట్టం 2002లో వచ్చింది. మన మట్టిలో దొరికిన సూక్ష్మజీవిని బయటి దేశానికి పంపాలంటే చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ అనుమతి కావాలి. చట్టం ఉద్దేశం మంచిదే. అయితే బ్యాక్టీరియా నామకరణ నియమావళి ఇంకోటి అంటుంది: కొత్త జాతి పేరు చెల్లాలంటే దాని సజీవ కల్చర్ కనీసం రెండు దేశాల్లోని బ్యాంకుల్లో, అడిగిన శాస్త్రవేత్తకు దొరికేలా ఉండాలి. ఈ రెండు నియమాల మధ్య నలిగేది పరిశోధక విద్యార్థి. జీవి చేతిలో ఉంటుంది, ఫలితాలు ఉంటాయి, కాగితం కోసం ఎదురుచూపులు. కొత్త జాతి నమోదు కోసం పంపే కల్చర్లకు వేరే, వేగవంతమైన దారి ఉండటమే న్యాయం.

> పేరు చెల్లాలంటే
>
> 1980 జనవరి 1న బ్యాక్టీరియా పేర్ల లెక్క మళ్లీ మొదటి నుంచి మొదలైంది. అంతవరకూ వాడుకలో ఉన్న వేలాది పేర్లను వడపోసి రెండున్నర వేల లోపు మాత్రమే ఉంచారు. ఇప్పుడు ఆ సంఖ్య 20 వేల పైమాటే. అసలు భూమ్మీద ఎన్ని జాతులున్నాయంటే లక్ష కోట్లని 2016లో ఒక అంచనా, పది లక్షల అటూఇటూ అని 2019లో ఇంకో అంచనా.

పెంచడానికి లొంగని మిగతా తొంభైతొమ్మిది శాతం మాటేమిటి? రెండు దారులున్నాయి. మొదటిది మొండిపట్టు. అమెరికాలోని నార్త్ఈస్టర్న్ యూనివర్సిటీ శాస్త్రవేత్తలు చిన్న చిన్న గదులున్న పలకలో ఒక్కో కణాన్ని బంధించి, పలకను తిరిగి అదే మట్టిలో పాతిపెట్టారు. సొంత ఊళ్లో ఉన్నామనుకుని అవి పెరిగాయి. అలా మెయిన్ రాష్ట్రపు మట్టిలో దొరికిన ఎలెఫ్థీరియా టెర్రే నుంచి 2015లో టెయిక్సోబాక్టిన్ అనే కొత్త యాంటీబయోటిక్ వచ్చింది. మందుల దుకాణానికి ఇంకా రాలేదు.

రెండో దారి, జీవిని పెంచకుండానే మట్టిలోని డీఎన్‌ఏ మొత్తాన్ని చదివి, ముక్కలు అతికి, జన్యుపటం ఆధారంగానే పేరు పెట్టేయడం. ఇందుకోసం 2022లో సీక్‌కోడ్ అనే వేరే నియమావళి వచ్చింది. లెక్క తొందరగా పెరుగుతుంది, నిజమే. కానీ చేతిలో జీవి లేకుండా జాబితాలో పేరొక్కటే ఉంటే, రేపు దాన్నుంచి ఎంజైము తీయాలన్నా మందు తీయాలన్నా ఎవరిని అడగాలి? పాతకాలపు వాదన అంటారేమో గానీ, పళ్లెం మీద మొలిచిన చుక్కకే నా ఓటు.

చండీగఢ్‌లో ఇమ్‌టెక్ బ్యాంకు, పుణెలో జాతీయ సూక్ష్మజీవ కేంద్రం ఇలాంటి చుక్కలను చలిలో, పొడిరూపంలో దాస్తున్నాయి. కరెంటు పోకూడదు, గాజు గొట్టం మీద నంబరు చెరగకూడదు, కొన్నేళ్లకోసారి తీసి బతికుందో లేదో చూడాలి. పతకాలొచ్చే పని కాదు. ఒక విశ్వవిద్యాలయంలో ఆచార్యుడు రిటైరైతే ఆయన ఫ్రిజ్‌లోని కల్చర్లకు దిక్కెవరన్నది చాలా చోట్ల ఇంకా ఎవరూ అడగని ప్రశ్న. రాష్ట్ర విశ్వవిద్యాలయాలు కనీసం తమ దగ్గర ఏమున్నాయో జాబితా రాసి, నకళ్లను జాతీయ బ్యాంకులకు పంపితే దానికి పెద్ద ఖర్చేమీ కాదు.

ఈసారి మీ ఫోన్‌కు కొత్త బ్యాక్టీరియా వార్త వస్తే, అది ఎవరి పేరుతో ఉందో చూసి ఊరుకోకండి. దాని కల్చర్ ఏ బ్యాంకులో ఉందో, నంబరు ఏమిటో రాశారేమో వెతకండి. లేకపోతే ఆ వార్త రాసినవాళ్లను అడగండి.